"రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్" అంటే అసలు అర్థం ఏంది? క్లయింట్‌తో మనం అనొచ్చా?

ఓరుగల్లు నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. ఇంగ్లీష్ బాగా వాడేవాళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పండి. మడికొండ వైపు ఒక చిన్న ఆఫీసులో సపోర్ట్ పని నాది. క్లయింట్ వాళ్లు డాలస్‌లో ఉంటారు, అంటే మనకు రాత్రి అన్నం తిని కూర్చునే టైముకు వాళ్లకు పొద్దున కాఫీ టైమ్. నిన్నటి కాల్ మొదట్లోనే అటు మేనేజర్ మేడమ్, మనిషి ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడుతుంది, "గైస్, ఐ యామ్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్ టుడే" అన్నది. మా టీమ్ లీడ్ "ఓకే మేడమ్, నో ప్రాబ్లమ్" అనేసి ఎప్పటిలాగే స్క్రీన్ షేర్ పెట్టి కాల్ నడిపించాడు, అది మామూలు కంటే ఇంకా పొడుగే సాగింది. అయిపోయినాక మాలో మాకు పంచాయితీ. ఒకడు ఫ్యూమ్స్ అంటే పొగ, ఆమె మన మీద కోపంగా ఉంది అన్నాడు. ఇంకొకడు సిగరెట్లు తాగుతుందేమో అన్నాడు (నవ్వకండి, నిజంగనే అన్నాడు). ఫోన్లో వెతికితే "బాగా అలసిపోవడం" అని ఒక్క ముక్క వచ్చింది.

అంతేనా? అంతే అయితే టైర్డ్ అంటే సరిపోయేది కదా, మధ్యలో ఈ పొగ ఎందుకు? అసలు నేను అడగడానికి కారణం వేరే ఉంది. రిలీజ్ ఉందని మేమందరం రాత్రిళ్లు కూర్చుంటున్నాం, నాకైతే తల పని చేయట్లేదు. సోమవారం కాల్ ఒక రోజు వెనక్కి జరపమని ఆమెనే అడగాలి. ఆమె మాటే ఆమెకు చెబితే బాగుంటుందా, ఎక్కువ చేసినట్టు ఉంటుందా? "అవుట్ ఆఫ్ స్టీమ్", "బర్న్ అవుట్" కూడా విన్నాను, అన్నీ ఒకటేనా?

సుబేదారి టీచర్:

తమ్మీ, ఇక్కడ ఫ్యూమ్స్ అంటే సైలెన్సర్ పొగ కాదు. పెట్రోల్ ట్యాంకు మూత తీయగానే ముక్కుకు గుప్పున కొడుతుంది చూడు, ఆ ఆవిరి. ట్యాంకులో పెట్రోల్ అయిపోయింది, మిగిలింది ఆ వాసనే, అయినా బండి ఇంకా పోతూనే ఉంది. మాట అక్కడి నుంచి పుట్టింది. నీ ఫోన్ చెప్పింది తప్పు కాదు గానీ అది సగమే. అలసిపోయి ఇంటికొచ్చి మంచం మీద వాలినవాణ్ని రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్ అనరు. వాడు ఆగిపోయాడు కదా. లోపల సత్తువ లేదు, బయట పని మాత్రం ఆగలేదు, ఈ రెండూ కలిసినప్పుడే ఈ మాట. పెళ్లింట్లో అప్పగింతల వేళకు పిల్ల తల్లిని చూడు. ఎప్పుడు తిన్నదో ఆమెకే గుర్తుండదు, కండ్లు ఎర్రగా ఉంటాయి, అయినా పసుపు కుంకుమ ఎక్కడ, ఒడిబియ్యం మూట ఎక్కడ అంటే ఠక్కున చెప్పేది ఆమే. ఆమెను అంటారు.

వాడేటప్పుడు కొన్ని చూసుకోవాలి. ఎప్పుడూ ఫ్యూమ్స్ అనే అనాలి, ఫ్యూమ్ అని ఏకవచనం చేయొద్దు. ఇప్పుడు జరుగుతున్నదానికి వాడతారు కాబట్టి "ఐ యామ్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్" అనో, గురువారం నుంచి ఇదే పరిస్థితి అయితే "ఐ హావ్ బీన్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్ సిన్స్ థర్స్‌డే" అనో అంటారు. "రన్నింగ్ ఆన్ ఎంప్టీ" అన్నా దాదాపు ఇదే, పెట్రోల్ ముల్లు ఎంప్టీ అని చెప్పే ఇంగ్లీష్ "E" అక్షరం మీద పడుకున్నట్టు. ఇక అన్నిటికంటే ముఖ్యం, పొట్టిగా చేద్దామని "ఐ యామ్ ఫ్యూమింగ్" అన్నావనుకో, కోపంతో ఉడికిపోతున్నాను అని అర్థం! మీవాడు ఆమె కోపంగా ఉందన్నది ఆ మాట ఎక్కడో విని ఉంటాడు, పూర్తిగా గాలి కబురేం కాదు.

ఇంకోటి, ఈ మాట మనుషులకే కాదు, డబ్బుకు కూడా వాడతారు. "అవర్ కంపెనీ ఈజ్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్" అంటే గల్లా పెట్టె ఖాళీ, జీతాలకు కూడా కష్టంగా ఉంది అని. నువ్వు టీమ్ అలసిపోయిందని చెప్పబోయి కంపెనీ పేరు ముందు పెట్టావంటే ఆమె కంగారుపడి మీ ఓనర్‌కు ఫోన్ చేస్తుంది.

కాశిబుగ్గ మెకానిక్:

టీచరమ్మ మంచిగ చెప్పింది. నేను ఇంగ్లీష్ మనిషిని కాదు, బండ్ల మనిషిని, ఒక మాట చెప్తా. పెట్రోల్ ఇంజను ఎప్పుడూ కాలబెట్టేది ఆవిరినే. పెట్రోల్ నీళ్ల లెక్క లోపలికి పోతే అంటుకోదు, కార్బురేటర్ గానీ ఇంజెక్టర్ గానీ దాన్ని సన్న తుంపర చేసి గాలిలో కలిపితే ఆవిరైన దానికి ప్లగ్గు నిప్పు పెడుతుంది. కాబట్టి లెక్క ప్రకారం నిండు ట్యాంకుతో పోయే బండి కూడా ఆవిరి మీదే పోతుంది. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఉత్త వాసనతో మాత్రం ఏ బండీ సందు దాటదు. అమెరికావాళ్లు మాట వరసకు అన్నారంతే.

మరి అయిపోయినాక కూడా కొంత దూరం ఎట్ల పోతుంది అంటే, పాత బండ్లు వాడినవాళ్లకు తెలుసు. రిజర్వ్ అంటే వేరే డబ్బా ఉండదు. ట్యాపులో రెండు దారులు ఉంటాయి, ఆన్‌లో పెడితే పెట్రోల్ తీసుకునే గొట్టం ట్యాంకు అడుగు నుంచి కొంచెం పైకి ఉంటుంది, రిజర్వ్‌లో పెడితే అడుగు నుంచే తీసుకుంటుంది. ఆ రిజర్వ్ కూడా అయిపోయినాక మనోళ్లు బండిని పక్కకు వంచుతారు కదా, అది ఉత్తగ కాదు. ట్యాంకు ఫ్రేము మీద గుర్రం మీద జీను లెక్క కూర్చుంటుంది, నడుమ మిట్ట, రెండు దిక్కుల రెండు గుంటలు. ట్యాపు ఒక్క దిక్కే. అవతలి గుంటలో కొంచెం పెట్రోల్ ఉండిపోతుంది, ట్యాపు దిక్కు వంచితే మిట్ట దాటి ఇటు పడుతుంది. దాంతో బంకు దాకా పోవచ్చు, దగ్గర ఉంటే.

ఆగే ముందు బండి ఏం చేస్తదో గుర్తు తెచ్చుకోండి. రేజ్ ఇస్తే గుంజదు, ఒక్కసారి ఊగిసలాడి మళ్లీ అందుకుంటుంది, సంబురపడే లోపల మళ్లీ మిస్ కొడుతుంది. రెండు మంచి మాటలు మాట్లాడి మూడో దానికి "ఏమన్నవ్?" అని అడిగే మనిషి ఆ మిస్ కొట్టే బండే. మీ మేడమ్ నిన్న అట్ల ఉండే అన్నట్టు.

డాలస్ జనగామోడు:

నేను డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటా, ఈ మాట ఆఫీసులో రోజూ వింటా. అర్థం పైన ఇద్దరూ చెప్పేశారు, నేను మర్యాద సంగతి చెప్తా, ఎందుకంటే మీ టీమ్ లీడ్ జవాబు దగ్గరే తేడా కొట్టింది. ఇక్కడ కాల్ మొదట్లో ఎవరన్నా అట్లా అన్నారంటే అది ఫిర్యాదు కాదు, మీ మీద కోపం అసలే కాదు. ముందే చెప్పి పెట్టుకోవడం. నేను ఈ రోజు చురుగ్గా లేను, ఒకటికి రెండుసార్లు అడిగితే ఏమనుకోకండి, వీలైతే తొందరగా ముగించండి అని. ఆ చివరిది మాత్రం నోరు తెరిచి అడగరు, ఎదుటివాళ్లే అర్థం చేసుకోవాలి. మన దగ్గర చుట్టాలింటికి పోతే "ఇప్పుడే తిన్నాం" అన్నాక కూడా కంచం పెడతారు కదా, ఇక్కడ అట్లా కుదరదు. ఆమె అన్న మాటకు "నో ప్రాబ్లమ్" అంటే "పర్లేదు, అలసిపోండి, మాకేం ఇబ్బంది లేదు" అన్నట్టు వినపడింది. అనాల్సింది "సారీ టు హియర్ దట్, వుయ్ విల్ కీప్ ఇట్ షార్ట్" అని. ఆ తర్వాత నిజంగా షార్ట్ చేయాలి.

ఇంకో సంగతి గమనించు. ఇక్కడివాళ్లు ఈ మాట పక్కనే కారణం ఒకటి తగిలిస్తారు. పిల్లవాడికి రాత్రంతా జ్వరం, ఫ్లైట్ లేటయి తెల్లారి దిగా, ఇట్లా. కారణం లేకుండా వారం వారం అదే పాట పాడితే వీడికి పని మోయడం రావట్లేదు అనుకుంటారు. ఎప్పుడన్నా ఒకసారి, కొంచెం నవ్వుతూ అంటేనే బాగుంటుంది.

నువ్వు వాడొచ్చా అంటే, చాట్‌లో, కాల్‌లో, ఆమెతో చనువు ఉంటే వాడొచ్చు. సెలవు మెయిల్‌లో, హెచ్‌ఆర్‌కు రాసేదాంట్లో వద్దు.

ఓరుగల్లు నైట్‌షిఫ్ట్:

అందరికీ చాలా థాంక్స్. మెకానిక్ అన్నా, ఇన్నేండ్ల నుంచి బండి వంచుతున్నా గానీ ఎందుకో ఇప్పుడు తెలిసింది. టీమ్ లీడ్‌కు జనగామ అన్న రాసింది చూపించా, ఏం మాట్లాడలేదు, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

మెసేజ్ ఇట్లా రాశా, చూడండి: "డియర్ మేడమ్, ఐ యామ్ టైర్డ్ ఆఫ్ దిస్ రిలీజ్ అండ్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్. దిస్ వర్క్ ఈజ్ మేకింగ్ మీ ఎగ్జాస్టింగ్. కైండ్లీ మూవ్ మండే కాల్ టు ట్యూస్‌డే అండ్ డు ద నీడ్‌ఫుల్." పంపమంటారా?

సుబేదారి టీచర్:

ఆగు! పంపకు!

"టైర్డ్ ఆఫ్" అంటే అలసట కాదు, విసుగు. "టైర్డ్ ఆఫ్ దిస్ రిలీజ్" అంటే ఈ రిలీజ్‌తో నాకు రోత పుట్టింది అని క్లయింట్ మొహం మీదే చెప్పినట్టు. పని వల్ల అలసిపోయాను అనాలంటే "టైర్డ్ ఫ్రమ్". ఆ చిన్న ముక్క మారితే మాటే మారిపోతుంది, నా క్లాసులో డిగ్రీ పిల్లలు కూడా ఇక్కడే పడతారు. తెలుగులో "ఈ పనితోని యాష్టకొచ్చింది" అంటే ఒళ్లు అలిసిందో మనసు విసిగిందో రెండూ అందులోనే వస్తాయి, మనం విడదీసి చూసుకోం. ఇంగ్లీష్‌లో విడదీయక తప్పదు.

రెండోది ఎగ్జాస్టింగ్. "ఐ యామ్ ఎగ్జాస్టెడ్" అంటే నేను అలసిపోయాను. "ఐ యామ్ ఎగ్జాస్టింగ్" అంటే నాతో వేగలేక ఎదుటివాళ్లు అలసిపోతారు అని. మా ఇంట్లో అడిగితే నా గురించి రెండోదే కరెక్టు అంటారు, అది వేరే విషయం. బోర్డ్, బోరింగ్ లాగే ఇదీ. పని ఎగ్జాస్టింగ్, మనిషి ఎగ్జాస్టెడ్. ఇక డు ద నీడ్‌ఫుల్ తీసెయ్. ఎమ్మార్వో ఆఫీసు దరఖాస్తు కాదు కదా.

ఎనుమాముల పిలగాడు:

మార్కెట్‌లో పత్తి సీజన్‌లో మా హమాలోళ్లు పొద్దుగాల నుంచి బస్తాలు ఎత్తి ఎత్తి మాపటికి "పానం లేదు బిడ్డా, చేతులే ఎత్తుతున్నయ్" అంటరు. మీ ఇంగ్లీష్ మాట కంటే మా వాళ్లదే బాగుంది. పానం లేదు, చేతులే ఎత్తుతున్నయ్. లోపల ఏం లేదు, పని మాత్రం నడుస్తుంది. టీచరమ్మ ఇంత పొడుగు చెప్పింది అదే కదా.

డాలస్ జనగామోడు:

@ఎనుమాముల పిలగాడు సూపర్ తమ్మీ. కానీ అది మా మేనేజర్‌కు చెప్తే అంబులెన్స్ పిలుస్తుంది 😀

కాజీపేట రిటైర్డ్ లోకో:

అవుట్ ఆఫ్ స్టీమ్ గురించి అడిగినట్టున్నారు, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నేను రైల్వేలో క్లీనరుగా చేరి, సెకండ్ ఫైర్‌మాన్‌గా ఆవిరి ఇంజన్ల మీద బొగ్గు వేసి, తర్వాత డీజిలూ కరెంటూ నడిపి రిటైరయినవాణ్ని. ఈ తరం వాళ్లకు స్టీమ్ అంటే ఇడ్లీ కుక్కరే తెలుసు.

గూడ్సు బండ్లకు డబ్ల్యూజీ అనే ఇంజను ఉండేది. దాని బాయిలర్ నిండు ప్రెషర్ 210 పౌండ్లు. డ్రైవరు కండ్లు పట్టాల మీద, ఫైర్‌మాన్ కండ్లు గేజీ ముల్లు మీద. నీళ్లు తగ్గితే ఇంజెక్టర్ తిప్పి బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించాలి, ఎక్కించగానే కొత్త నీళ్ల చల్లదనానికి ప్రెషర్ పడుతుంది. బొగ్గు ఎక్కువ వేసేస్తే మంట పొగ చూరి ప్రెషర్ పడుతుంది. తక్కువ వేస్తే సరేసరి. పార నిండా కాదు, పలచగా, ఏ మూల మంట సన్నబడిందో చూసి ఆ మూలకే విసరాలి. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, అది కరిగి గట్టిపడి మంట కింది జాలీ మీద పెచ్చులు కడుతుంది, దాన్ని క్లింకర్ అంటాం. క్లింకర్ పట్టిందంటే కింది నుంచి గాలి రాదు, నువ్వు ఎంత బొగ్గు వేసినా మంట లేవదు. బలార్షా లైనులో బరువు గూడ్సుతో పోతుంటే జమ్మికుంట దాటినాక ముల్లు దిగడం మొదలైందనుకో. అప్పటికి ఇంకా బండి ఆగలేదు, ఊపు తగ్గుతుంది అంతే. నూట ఎనభై, నూట అరవై. రెగ్యులేటర్, అంటే ఆవిరి వదిలే పిడి, ఎంత తెరిచినా చక్రం బరువుగా తిరుగుతుంది. చివరికి డ్రైవరు స్టేషన్ల నడుమనే ఆపేసి "స్టీమ్ కట్టుకోండి" అంటాడు. అప్పుడు క్లింకర్ పగలగొట్టి, మంట సరిచేసి, ముల్లు మళ్లీ పైకి వచ్చేదాకా నిలబడి చూడాలి. వెనక బండి వాళ్లు తిట్టుకుంటారు, కంట్రోలు వాళ్లు తిడతారు. ఏం చేస్తాం.

ఇది మీ మాటకు ఎట్లా వర్తిస్తుందంటే, "రన్ అవుట్ ఆఫ్ స్టీమ్" అన్నప్పుడు పని నెమ్మదించి ఆగే దశ ఉంటుంది. ఫ్యూమ్స్‌లో ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. పైగా స్టీమ్ మాట మనిషి కంటే పనులకు ఎక్కువ వాడతారు. ధర్నా మొదట్లో జోరుగా ఉండి పది రోజులకు జనం పలచబడితే, చర్చలు సాగి సాగి చప్పబడితే, అప్పుడు "ఇట్ రాన్ అవుట్ ఆఫ్ స్టీమ్" అని పేపర్లో రాస్తారు. మనిషికి కూడా అనొచ్చు, మధ్యాహ్నం దాకా బాగా చేసి మూడింటికి చతికిలబడ్డాను అనే అర్థంలో. "లెట్ ఆఫ్ స్టీమ్" అంటే మాత్రం ఇది కాదు. అది ప్రెషర్ ఎక్కువైనప్పుడు సేఫ్టీ వాల్వ్ ఎగదన్నడం, అంటే లోపలున్న కోపమో టెన్షనో బయటికి వెళ్లగక్కడం. ఒకటి తక్కువై, ఇంకొకటి ఎక్కువై.

నైట్ డ్యూటీ నర్స్:

లోకో బాబాయ్ గారూ, మీ పోస్టు మా నాన్నకు చదివి వినిపించా, ఆయనా రైల్వేనే, ఇంకా నాలుగు కథలు చెప్పి నన్ను నిద్రపోనివ్వలేదు.

బర్న్ అవుట్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే దాన్ని ఇప్పుడు అందరూ ఉప్పు చల్లినట్టు చల్లేస్తున్నారు. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే బర్న్ అవుట్ కాదు. ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా సైకాలజిస్టు 1974లో ఈ మాటను శాస్త్రం వైపు తెచ్చాడు, న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌లో మనసు పెట్టి పనిచేసే వాలంటీర్లు నెలలు గడిచేకొద్దీ ఎండిపోయినట్టు కావడం చూసి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన రోగాల జాబితాలో వివరంగా రాసింది, రోగం అని కాదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అని. మూడు గుర్తులు చెప్పింది: సత్తువ లేకపోవడం, చేసే పని మీద మనసు విరిగి వెటకారం రావడం, ఎంత చేసినా ఏమీ చేయట్లేదు అనిపించడం. రెండోది గమనించండి. మా వార్డులో అలసిపోయిన సిస్టర్ పేషెంట్ పిలిస్తే లేవడానికి కష్టపడుతుంది, కానీ లేస్తుంది, "ఏం పెద్దమ్మా, నొప్పిగా ఉందా" అంటుంది. బర్న్ అవుట్ అయిన మనిషి కూడా లేస్తుంది గానీ ఆ పెద్దమ్మ ఆమెకు బెడ్ నంబరుగా కనిపిస్తుంది. ఆదివారం అంతా పడుకున్నా అది పోదు. ఫ్యూమ్స్ మీద నడిచేవాళ్లకు రెండు రాత్రులు నిద్ర పడితే ట్యాంకు నిండుతుంది.

వాడేటప్పుడు కూడా తేడా ఉంది. "ఐ యామ్ బర్న్ అవుట్" తప్పు. "ఐ యామ్ బర్న్‌డ్ అవుట్" అనాలి, బర్న్‌ట్ అన్నా సరే. క్లయింట్‌తో అది అనకు తమ్ముడూ, అది మాట వరసకు అనేది కాదు. ఉద్యోగం మానేస్తాడేమో అనుకుంటారు.

ఇంకో మాట, ఇంగ్లీష్‌కు సంబంధం లేదు. సరిపడా నిద్రపోయినా వారాల తరబడి ఒంట్లో సత్తువ లేకపోతే మంచి మాట ఏది అని వెతకడం కాదు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు "పని ఎక్కువైంది" అని ఏండ్లు వెళ్లదీస్తారు, రోజూ చూస్తాం.

డాలస్ జనగామోడు:

మంచి పాయింట్ అక్కా. నేను ఒకటి కలుపుతా, క్లయింట్ ఏ దేశం అన్నది కూడా చూసుకోవాలి. లండన్ వాళ్లయితే "న్యాకర్డ్" అంటారు. ముసలి గుర్రాలను కొనుక్కుపోయి కోసి చర్మం, ఎముకలు అమ్ముకునేవాణ్ని అక్కడ న్యాకర్ అనేవారు, ఇక అతని దగ్గరికి పంపాల్సినంత అయిపోయాను అని. స్నేహితుల మధ్య మాట అది, కొంచెం మోటు. వాళ్ల నోట వింటే నవ్వు, నువ్వు మాత్రం పై ఆఫీసర్‌తో అనకు. ఇంకోటి "ఆల్ ఇన్". పాత ఇంగ్లీష్ కథల్లో "ఐ యామ్ ఆల్ ఇన్" అంటే నా పని అయిపోయింది, అలసిపోయా అని. ఇప్పుడు ఇక్కడ అదే మాట అంటే పూర్తిగా సిద్ధం, ప్రాణం పెట్టి చేస్తా అని! పాత పుస్తకం చదివి అన్నావనుకో, సెలవు అడగబోయి ఇంకో ప్రాజెక్టు నెత్తిన వేసుకుంటావు.

సుబేదారి టీచర్:

న్యాకర్డ్ గురించి మా కాలేజీలో చెప్తే పిల్లలు ఇంక వేరే ఏదీ గుర్తుపెట్టుకోరు, అందుకే చెప్పను. నేర్చుకునేవాళ్లు ఒక్క మాట బాగా పట్టుకుంటే చాలు. పదిహేను ఇడియమ్స్ బట్టీ కొట్టి ఒకే మెయిల్‌లో కుక్కితే చదివేవాళ్లకు ఊపిరాడదు. "వెరీ టైర్డ్" అంటే ఎవరూ తక్కువ చూడరు.

డాలస్ జనగామోడు:

ఇక్కడ మీతో ఒప్పుకోను టీచర్ గారూ. నేను వచ్చిన కొత్తలో అన్నీ సాఫ్‌గా, పుస్తకం చదివినట్టు మాట్లాడేవాణ్ని, తప్పులు లేవు, కానీ లంచ్ టేబుల్ దగ్గర ఎవరూ నాతో ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు. ఇట్లాంటి మాటలు ఒకటీ రెండూ పడ్డాకే మనిషిగా కలిశారు. వెరీ టైర్డ్ అంటే సమాచారం ఇచ్చినట్టు ఉంటుంది, రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్ అంటే పక్కన కూర్చొని చెప్పినట్టు ఉంటుంది.

సుబేదారి టీచర్:

మీరు అక్కడే ఉండి వింటూ నేర్చుకున్నారు. ఈ తమ్ముడు మడికొండలో కూర్చొని ఒక్క కాల్‌లో ఒక్కసారి విన్నాడు. తేడా లేదా?

ఓరుగల్లు నైట్‌షిఫ్ట్:

మీరిద్దరూ కొట్లాడుకోకండి 🙏 రెండూ కలిపి మళ్లీ రాశా. మెయిల్ కాదు, చాట్‌లో పంపేది. "హాయ్, అవర్ టీమ్ హాజ్ బీన్ వర్కింగ్ లేట్ నైట్స్ ఫర్ ద రిలీజ్ అండ్ వుయ్ ఆర్ ఆల్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్. కుడ్ వుయ్ మూవ్ మండేస్ కాల్ టు ట్యూస్‌డే? ద రిలీజ్ ఈజ్ ఆన్ ట్రాక్."

డాలస్ జనగామోడు:

ఇది బాగుంది. కారణం ముందు చెప్పావు, అడగాల్సింది ఒక్క లైన్లో అడిగావు, పని ఆగలేదని చివర్లో చెప్పావు. ఆమెకు భయం ఉండదు. పంపెయ్.

సుబేదారి టీచర్:

నాకూ ఓకే. "అవర్ టీమ్" అన్నావు కాబట్టి సరిపోయింది, "అవర్ కంపెనీ" అని మార్చకు.

ఓరుగల్లు నైట్‌షిఫ్ట్:

పంపా. జవాబు వచ్చేసింది. "ఆఫ్ కోర్స్! ట్యూస్‌డే వర్క్స్ బెటర్ ఫర్ మీ టూ. గెట్ సమ్ స్లీప్, ఆల్ ఆఫ్ యూ." ఆమెకూ మంగళవారమే కావాలట, మేం అడిగేదాకా చెప్పలేదు.

ఎనుమాముల పిలగాడు:

అంతా అయింది గానీ మెకానిక్ అన్నా, ఒక డౌట్. మా అక్క కొత్త స్కూటీకి పెట్రోల్ లైటు వెలుగుతుంది, దానికి ట్యాపు లేదు, పక్కకు వంచినా ఏం కాలేదు. ఎట్ల?

కాశిబుగ్గ మెకానిక్:

వంచకు రా అయ్యా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ సిక్స్ (పొగ తగ్గించాలన్న రూలు) బండ్లకు దాదాపు అన్నిటికీ ఇంజెక్షనే, ట్యాపూ రిజర్వూ ఉండవు. ట్యాంకులోనే చిన్న కరెంటు పంపు ఉంటుంది, అది పెట్రోల్‌లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. లైటు వెలిగినాక రోజూ అట్లనే తిప్పితే పంపు వేడెక్కి ఖరాబైతది, అడుగున ఉన్న చెత్త కూడా గుంజుకుంటది. ముందు బంకుకు పోయి పోయించు. పోయించినాక కూడా స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తే తీసుకురా, పొద్దున తొమ్మిదింటికి షాపు తెరుస్తా.